డాక్టరు గారు దాటేసిన పేజీ

మాంట్‌గోమరీ, అలబామా

డాక్టర్ విట్లాక్ గారికి,

మీరు క్షేమంగా ఉండాలని ప్రభువును వేడుకుంటూ రాస్తున్నాను.

పోయిన నెల చర్చిలో ఒకరి అంత్యక్రియలకు సేవ చేసి, తిన్నగా మీ దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వచ్చాను. చర్చి సేవకు వేసుకునే తెల్ల దుస్తులు, తెల్ల గ్లౌజులు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. మీరు కాగితాలు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర నవ్వి, “ఇవి మీకు అక్కర్లేదులెండి, మీరు చర్చి మనిషి” అని దాటేశారు. అది నాకిచ్చిన గౌరవమని సంతోషించాను.

నాతో స్కూలు వంటశాలలో పనిచేసే డార్లీన్ కూడా మీ పేషెంటే. “నన్నైతే ఆ పేజీ మొత్తం అడిగాడు. ఎవరితో ఉంటున్నావు, హెచ్‌ఐవీ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు, అది రాకుండా రోజూ వేసుకునే మాత్ర ఉంది, కావాలా అని. విడాకులిచ్చిన మొగుడు కూడా నన్నిన్ని అడగలేదే తల్లీ” అంది.

డార్లీన్ కూడా ప్రతి ఆదివారం వాళ్ల చర్చిలో పాడుతుంది. ఇద్దరికీ యాభై ఏళ్లే. ఆమె తెల్లావిడ, నేను నల్లదాన్ని. కారణం అదేనా, ఇంకేదైనా ఉందా? నిష్ఠూరం కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

జూన్‌లో నేను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాను. ఆయన పేరు హోరేస్. “నాకు హెచ్‌ఐవీ ఉంది. మందులు తప్పకుండా వేసుకుంటున్నాను. ఈ మాట చెప్పకుండా నీ చెయ్యి పట్టుకోలేను” అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

డార్లీన్‌కు మీరు చెప్పిన ఆ మాత్ర నా బీపీ మందుతో కలిపి నేను వేసుకోవచ్చా? గురువారం ఇద్దరం వస్తాం. తలుపు వేసి అన్నీ అడగండి. నా గొంతు చిన్నది, కాస్త దగ్గరగా కూర్చోండి.

మీ పేషెంటు