సుద్దగీతల పడవ

అత్తయ్యగారికి నమస్కారాలు. మేమిద్దరం కులాసా. మనం చేపలు పట్టడానికి వెళ్ళే పడవ ఏ నమూనాలో చెయ్యాలన్నది నిన్నటితో తేలిపోయింది, బెంగపడకండి.

నాకు మొదటినుంచీ ముక్కు కోసుగా ఉన్న పడవ మీదే మనసు. చూడటానికి అందం, నీటిని చీల్చుకుంటూ పోతుంది. మీ అమ్మాయికేమో అడుగు చదునుగా, ముందువైపు వెడల్పుగా ఉన్నదే కావాలి. "అది పడవ కాదు, పిండి కలిపే తొట్టి" అన్నాను. తను తిన్నగా నేను పనిచేసే వడ్రంగి షాపుకొచ్చి, రెండు పడవలనూ అసలు కొలతకే నేలమీద సుద్దతో గీసింది. కోసు పడవలో స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. "చేప పడింది, వల అందుకోండి!" అంది. లేచి వెనక్కి తిరిగేసరికి నా కాలు గీత దాటింది. "నీళ్ళలో పడ్డారు" అంది తాపీగా. మా మేస్త్రీ రంపం కింద పెట్టి మరీ నవ్వాడు. రెండోదాంట్లో ఎటు తిరిగినా గీత తొక్కలేదు. అప్పుడడిగింది, "అమ్మ ఆ మోకాళ్ళతో లేస్తే అడుగు ఎక్కడ పడుతుందో ఆలోచించారా?" కోసు పడవ గీతలు నేనే చెరిపేశాను. వెడల్పుదే ఖాయం చేశాం.

మామయ్యగారి దగ్గు తగ్గిందా? మీరు సుఖంగా లేవగలిగే కుర్చీ ఎత్తు కొలిచి వెంటనే రాయండి, పడవలో మీ బల్ల అంతే ఎత్తున బిగిస్తాను. "నేను ఒడ్డునే ఉంటాను, మీరు వెళ్ళిరండి" అని మాత్రం రాయకండి. మా ఇద్దరికీ గాలానికి ఎర గుచ్చడం ఇంకా చేతకాదు.

మీ దీవెనలు కోరే
అల్లుడు