శభాష్‌కి సైగ

చిరంజీవి సౌభాగ్యవతి పెద్దమ్మాయికి,

నాన్న బోలెడన్ని ఆశీస్సులతో రాస్తున్నాడు. నేను, మీ అమ్మ, నీ కూతురు బుడంకాయ దుక్కల్లా ఉన్నాం. ఆసుపత్రిలో పని కుదురుకుందని రాశావు, మనసు చల్లబడింది.

బుడంకాయని బడిలో ఉంచుకున్నారా అని అడిగావు. ఉంచుకున్నారమ్మా! టీచరమ్మ మారిందా అనీ అడిగావు. మారలేదు, ఆవిడే. పోయినేడు మనల్ని గుమ్మంలోనే నిలబెట్టి, "వినబడని పిల్లని మేమేం చేసుకుంటామండీ" అన్న కళ్ళజోడావిడే. ఆ రోజు నువ్వు దారంతా ఏడ్చావు. నేను మర్చిపోతానా?

ఇప్పుడు రూలు మారింది. వినబడే పిల్లలూ, వినబడని పిల్లలూ అందరూ ఒకే గదిలో. బోర్డు దగ్గర నిలబడి కేకలేసే మనిషి ఇప్పుడు నేలమీద కూర్చోవాలి, పిల్లల మొహంలోకి చూడాలి, చేతులతో మాట్లాడాలి. తెలియనిది ఇంట్లోవాళ్ళని అడిగి నేర్చుకోవాలి. అలా నోటుపుస్తకం పట్టుకుని మన గుమ్మంలోకే వచ్చింది.

"తాతగారూ, శభాష్ అనడానికి మీ ఇంట్లో ఏం సైగ చేస్తారు?"

ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచింది ఇదే. చెవి తమ్మె రెండుసార్లు లాగి చూపించాను. మనింట్లో దానర్థం నీకు తెలుసుగా, "పోయి ఒంటికి పోసుకురా" అని!

ఆవిడ మెచ్చుకున్నప్పుడల్లా పిల్ల లేచి మరుగుదొడ్డికి పరుగు. వారం రోజులు కడుపుబ్బ నవ్వుకున్నాను. ఎనిమిదోనాడు కబురొచ్చింది: "పాప కుదురుగా కూర్చోవడం లేదు. నెలాఖరుదాకా చూసి, కుదరకపోతే పంపేస్తాం." నా పగ నా మనవరాలి మెడకే చుట్టుకుంది.

తెల్లారగానే వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పోయినేడు నేనన్న మాటకేనా?"

"దానికే."

"అయితే రేపట్నుంచి రోజూ పదింటికి రండి. నాకూ, పిల్లలందరికీ సరైన సైగలు మీరే నేర్పాలి."

"ఇది శిక్షా?"

"మరి సన్మానం అనుకున్నారా?"

పిల్ల పేరు హాజరుపట్టీలో సిరాతో ఎక్కింది, ఇక పంపెయ్యరు. ఆవిడ క్షమించమనలేదు, నేనూ అనలేదు.

రోజూ వెళ్తున్నాను. ఆవిడ వేలు కాస్త వంకర పోతే చాలు, ఇరవైమంది పిల్లల ముందు ఆపేస్తాను. "తప్పు టీచరమ్మా, మళ్ళీ చెయ్యండి." పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ చేస్తుంది. మన బుడంకాయ ముందు వరసలో కూర్చుని కిలకిలలాడుతుంది. తొందరేం లేదు తల్లీ, బడి ఏడాదంతా ఉంటుంది.

ఇట్లు,
సంతోషం పట్టలేని, కక్ష ఇంకా తీరని
మీ నాన్న