మా ఇంటి చప్పిడి కూడు

మార్చి 4

ముందు నా కడుపుమంట రాసుకుంటాను. పెళ్ళయి నలభై రెండేళ్ళు. బస్సు డిపో క్యాంటీన్‌లో నా చేతి వంట తిన్న డ్రైవర్లు, కండక్టర్లు వేళ్ళు నాకారు. బదిలీ అయినవాళ్ళు కూడా పని కల్పించుకుని వచ్చి తిని పోయేవారు. ఇంట్లో వంటా నాదే. మా ఆవిడ మాత్రం ఒక్కనాడూ బాగుందని అనలేదు. ఎలా ఉందని అడిగితే తిన్నాగా అంటుంది. అదే మెచ్చుకోలనుకోవాలి.

ఇవాళ పుండు మీద కారం చల్లినట్టయింది. మెట్లెక్కుతుంటే ఆవిడకు ఆయాసం వస్తోందని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మూడూ ఎక్కువే. డాక్టరమ్మకు నా వయసులో సగం కూడా ఉండదు. వంట ఎవరు చేస్తారని అడిగింది. నేనేనని ఛాతీ విరుచుకుని చెప్పాను. అయితే మీతోనే మాట్లాడాలి అంది. ఉప్పు సగానికి తగ్గించాలి. నూనె గరిటెతో కాదు, చెంచాతో పొయ్యాలి. తీపి బంద్. పప్పులు, ఆకుకూరలు, పొట్టు తియ్యని ధాన్యం, పండు, గుప్పెడు గింజలు పెట్టాలి. మాత్రలు మానకూడదు. మూడు నెలలు చూద్దామంది. ఇలాగే వదిలేస్తే గుండెపోటుకో పక్షవాతానికో మనమే దారి వేసినట్టట.

నాకు వంట నేర్పుతుందట. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందని ఊరికే అనలేదు.

మార్చి 9

గుండెకు ఎకో స్కాన్ తీశారు. ఆవిణ్ణి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

తెర మీద ఒక చిన్న రెక్క. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అది వాల్వ్ అని టెక్నీషియన్ చెప్పాడు. దాన్ని ఎవరూ తియ్యడం లేదు, ఎవరూ వెయ్యడం లేదు. మా పెళ్ళినాడూ అది అలాగే ఆడింది. నా మీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లోనూ ఆడింది. డిపోలో నాకైనా వారానికో సెలవుండేది. దానికి ఒక్కటీ లేదు. బీపీకి ఎదురుతోసి తోసి గుండె గోడ కాస్త మందమైందట.

నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నా మొహం చూసి ఆవిడ నవ్వింది. తెర మీద బొమ్మ కూడా ఊగింది.

మార్చి 10

ఉప్పు డబ్బా అటకెక్కించాను. చిన్న చెంచా ఒకటి కొన్నాను.

మార్చి 13

నేను తినని గిన్నెలోది ఇంకొకరికి వడ్డించను. వంటవాడిగా అది నా రూలు. కాబట్టి నాకూ చప్పిడి కూడే. చిక్కుడు గింజలు ఉడికించి, వెల్లుల్లి దంచి వేసి, నిమ్మకాయ పిండాను. గడ్డి నమిలినట్టుంది. జైలు కూడు ఇంతకన్నా నయమంది ఆవిడ. జైలుకెప్పుడు వెళ్ళావని అడిగాను. నలభై రెండేళ్ళుగా ఇక్కడేగా ఉన్నది అంది.

మార్చి 21

గొడవ. ఆవిడ తినలేదు. నేనూ తినలేదు.

ఏప్రిల్ 2

ఉల్లిపాయలు సన్నసెగ మీద పెట్టి, చుక్క చుక్క నీళ్ళు చల్లుతూ మగ్గించాను. నూనె ఒక్క చెంచా. వాటంతట అవే తీపెక్కాయి. ఇన్నేళ్ళు ఉల్లిపాయలు తరిగి తరిగి ఏడ్చాను గానీ వాటిలో ఏముందో చూడనేలేదు.

ఏప్రిల్ 19, మధ్యాహ్నం 3

డిపో వైపు వెళ్ళాను. ఇప్పుడు క్యాంటీన్ పొయ్యి దగ్గర ఉన్నది నా శిష్యుడు బక్కోడు. గురువుగారూ అని కుర్చీ వేసి బంగాళాదుంప వేపుడు పెట్టాడు. నోట్లో పెట్టగానే నాలుక చురుక్కుమంది. ఉప్పు గుమ్మరించావేంట్రా అన్నాను. వాడు బిత్తరపోయాడు. మీరు నేర్పిన కొలతే, పిసరంత తేడా లేదన్నాడు. చుట్టూ డ్రైవర్లు లొట్టలేస్తూ తింటున్నారు.

కొలత నాదే. మారింది నా నాలుక. డెబ్భై దాటిన నాలుక నెలన్నరలో మారింది.

ఇంటికొస్తూ ఒక క్యారెట్ కొని పచ్చిదే కొరికాను. ఎంత తీపి! రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. వెనక సైకిలతను బెల్లు కొట్టి తిట్టేదాకా కదల్లేదు.

మే 11

మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. పైన నిలబడి, ముసలాడా రావేం అని నన్ను పిలిచింది.

జూన్ 5

రిపోర్టులు వచ్చాయి. మూడు నెలల సగటు షుగర్ 8.4 నుంచి 7కు దిగింది. బీపీ పై అంకె నూట అరవై దాటేది, ఇప్పుడు 134. కొలెస్ట్రాల్ కూడా దిగింది. మాత్రల పని మాత్రలు చేశాయి, మీ గరిటె పని మీ గరిటె చేసిందని డాక్టరమ్మ అంది. గండం పోలేదు, తగ్గింది. పాత తిండికి మళ్ళితే అంకెలూ మళ్ళీ ఎక్కుతాయట.

నేను పెట్టింది పప్పు, ఆకు, గింజ. అవి లోపలికెళ్ళి, ఏ వంటవాడి కంటికీ కనపడని చోట, రక్తంలో, ఇంత పని చేశాయి. నా గరిటె అంతదూరం అందుతుందని నాకు తెలియదు. చేతులు ముందుకు చాపి చూసుకున్నాను. పిచ్చోడిలా.

అదే రోజు, సాయంత్రం 6

ఇక గట్టెక్కాం కదా, పాత బంగాళాదుంప వేపుడు చెయ్యమంది ఆవిడ. చెయ్యనన్నాను. అప్పుడు అంది:

"ఏవయ్యా, ఇన్నేళ్ళూ ఆ వేపుడు కోసం పొద్దున్నించి కాచుక్కూచునేదాన్ని. అట్టా ఇంకెవడు చేస్తాడు? అది తిని పోతే పోతాలే. చెయ్యి."

మరి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నెత్తికెక్కుతావని, చెప్పకుండానే సగం ఎక్కావని అంది.

ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చి వచ్చి ఆవిణ్ణి చంపే వేపుడికి వచ్చింది. నిజం రాస్తున్నాను. అరలోంచి మూకుడు దించడానికి చెయ్యి లేచింది. గాలిలోనే ఆపాను. ఇంత కష్టమైన పని జన్మలో చెయ్యలేదు.

జూన్ 7

ఈ పేజీ తెరిచి పొయ్యి పక్కన పెడుతున్నాను. నీకు చదవడం వచ్చు, చదువు.

నీకు వేపుడు కావాలా, నేను కావాలా? రెండూ అంటే కుదరదు. ఆదివారం పొద్దున పొయ్యి వెలిగించేలోగా జవాబు చెప్పాలి.