జువ్వి మొక్కకి కంటిన్యుటీ

డిసెంబరు 14
మా ఆయన సూర్యప్రకాశరావు ఆర్ట్ డైరెక్టరు. సెట్ నుంచి జువ్వి బోన్సాయ్ ఇంటికి తెచ్చారు.
"హీరో తండ్రి బల్ల మీద మొక్క. సగం సీను అయింది. మిగతా సగం జనవరిలో. కంటిన్యుటీ అంటారు, అప్పటికీ అచ్చం ఇలాగే ఉండాలి మనోజ్ఞా! పోయిన సినిమాలో గోడ గడియారం మారిపోయిందని యూనిట్ ముందు తిట్లు తిన్నాను. ఈసారి తేడా వస్తే ఇంక పిలవరు."
ఎం.ఏ. ఫిలాసఫీ చదివాను. జానెడు మొక్కని చూసుకోలేనా!
నిర్ణయం: రోజూ గ్లాసుడు నీళ్ళు. కాసేపు ఎండ. అనుమానాలు నిషేధం.

డిసెంబరు 16
నీళ్ళు పోశాను. పోశానా? మట్టి తడిగానే ఉంది. నిన్నటి తడేమో! మళ్ళీ పోశాను.

డిసెంబరు 21
జూబ్లీ హిల్స్ మొత్తం మంకీ క్యాపుల్లో ఉంది. మొక్క వణుకుతోంది! (ఫ్యాను తిరుగుతోంది. ఆపాను.)
డ్రైవర్ నర్సింహ: "మేడం, గీ చలికి మనుషులకే ఆగుతలేదు. జర శాలువ కప్పుర్రి."
మా ఆయనకి సన్మానంలో కప్పిన శాలువా బీరువాలో ఊరికే పడి ఉంది. కప్పాను.

డిసెంబరు 24
శాలువా తీస్తే మూడు ఆకులు రాలాయి. ముసలి ఆకులై ఉంటాయి. ఎందుకైనా మంచిదని డబ్బాలో దాచాను.

డిసెంబరు 29
దీనికి కావాల్సింది వెచ్చదనం! మెట్ల కింద ఆయన పాత షూటింగ్ లైటు ఉంది. ఐదు నిమిషాలే అనుకుని మొక్క ముందు వేశాను. ఇంతలో అక్క ఫోను. కోడలితో గొడవట. మధ్యలో పెట్టేస్తే బాగుంటుందా?
వంటగదిలోంచి పనిమనిషి అమ్మాజీ కేక: "అమ్మగారూ, ఏదో మాడుతోందండీ! నా పొయ్యి మీద ఏం లేదండీ!"

జనవరి 3
మిగిలిన ఆకులు నాలుగు. దాచిన ఆకుల్ని గమ్‌తో అంటించబోతే ఉన్నవాటిలో ఒకటి వేలికి అంటుకుని వచ్చేసింది. మూడు.
ఆయన రాజమండ్రి అవుట్‌డోర్ షూటింగ్ నుంచి ఫోన్ చేశారు. "మొక్క ఎలా ఉంది?"
"ప్రశాంతంగా ఉందండీ." అబద్ధమైతే కాదు.

జనవరి 9
ఇవాళే షూటింగ్. ఆకులు సున్నా.
"పుల్ల ఇచ్చావేంటే!" అని పొద్దున్నే ఊర్నుంచి దిగిన ఆయన కుర్చీలో కూలబడ్డారు. తిట్లేవో నేనే తినాలని వెంట వెళ్ళాను.
డైరెక్టర్ తిరుమలేశ్ మొక్క చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "తప్పు నాదండీ" అనబోయాను.
"రావుగారూ! సీను మధ్యలో తండ్రి పోయాడని ఫోన్ వస్తుంది. హీరో ఇటు తిరిగితే... చెట్టు మోడు! అబ్బబ్బ! నాకెందుకు తట్టలేదండీ?"
"అదే... మేమూ అదే అనుకున్నామండీ" అన్నారు మా ఆయన.
యూనిట్ చప్పట్లు కొట్టింది. డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "క్లైమాక్స్ ఫిబ్రవరిలో అమ్మా. అప్పటిదాకా అచ్చం ఇలాగే ఉండాలి. ఒక్క ఆకు కనపడకూడదు!"
మోడుని మోడుగా ఉంచడానికి ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. హాయి!

జనవరి 22
ఇన్నాళ్ళూ అటువైపు చూడనేలేదు. నీళ్ళు గుర్తొచ్చినప్పుడు అమ్మాజీ పోస్తోంది.
పొద్దున్నే అమ్మాజీ కేక: "అమ్మగారూ! మన మొక్క బతికిందండీ!"
కొమ్మకొమ్మకీ చిగురు. ఎర్రగా, గోరంత. ఆయన ఇడ్లీ వదిలేసి తల పట్టుకున్నారు.
గిల్లేద్దామని దగ్గరికి వెళ్ళాను. చెయ్యి రాలేదు.
నిర్ణయం: రేపటి నుంచి మళ్ళీ నేనే శ్రద్ధగా చూసుకుంటాను. నీళ్ళు, శాలువా, లైటు. ఫిబ్రవరికి ఒక్క ఆకు మిగలదు.