ఇంట్లో అడిగి చెప్తాను

జూలై 4, శుక్రవారం

పొద్దున్నుంచి ముసురు. మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగాను — అడుగున వేలెడు మట్టి. ఖర్చు: బ్లీచింగ్, కొత్త బ్రష్.

విశాఖలో యూనివర్సిటీ డిజైన్ లెక్చరర్ పోస్టుకి అప్లికేషన్ పంపి వారమైంది. పర్మనెంటు. ఇక్కడి కాలేజీలో ఏటేటా కాంట్రాక్టు పొడిగించమని అడగడం ఇక చాలు. మా ఆవిడ సువార్తకి ఇంకా చెప్పలేదు. తను పనిచేసే బడి, చర్చిలో పాటల బృందం — అన్నీ రాజమండ్రిలోనే. వచ్చినప్పుడు చూద్దాం.

జూలై 7

నేను తయారుచేసిన అరటి రైతుల యాప్‌ని వాడి చూడమని ఇచ్చాం కదా, ఆ ఫలితాలు వచ్చాయి. ఏం బాగాలేవు. రావులపాలెం మార్కెట్ ధర చూపించి ఒక్కటే ప్రశ్న — "ఈరోజు గెలలు కోస్తారా?" కోస్తాను, కోయను — రెండు బటన్లు. సగం మందికి పైగా ఏదీ నొక్కలేదు. కాసేపు చూసి తెర మూసుకుపోతుంది. "మధ్యలో వదిలేశారు" అని నమోదవుతుంది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ శేషగిరి గారు: "రైతులకి ఫోన్ వాడకం రాదని రాసెయ్యండి మాస్టారూ. రీసెర్చ్ పేపరైపోతుంది."

రాసెయ్యొచ్చు. ఇంటర్వ్యూ వేళకి చేతిలో ఓ పేపరుంటుంది... కానీ రైతు సత్తిబాబు గారు మనవరాలికి రైలు టికెట్లు ఫోన్లోనే తీస్తారు. ఆయనకి రాకపోవడమేమిటి?

జూలై 8

వాన. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చేశాయి. బ్రిడ్జి మీద బస్సంతా కిటికీల వైపే.

జూలై 9

పొద్దున్నే సత్తిబాబు గారి అరుగు మీద కూర్చున్నాను. యాప్ తెరిచారు. ధర చూశారు. ఫోన్ అరుగు మీద పెట్టి పెరట్లోకి వెళ్లారు. అటునుంచి మాటలు —

"ఏమే, కర్పూర గెలలు కోసేద్దామా? రేటు బాగుంది."

"మూలనున్నవి ఇంకా నిండలేదు. మిగతావి కొయ్యండి. ముందా గేదెని లోపల కట్టండి, తడిసిపోతోంది."

గేదెని కట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి తెర మూసుకుంది. మళ్లీ ఫోన్ నంబరు అడుగుతోంది.

"ఇదిగోనండి, అలిగింది," అన్నారు నవ్వుతూ. ఫోన్ జేబులో పడేసి కత్తి అందుకున్నారు.

"రోజూ ఇంతేనాండీ?"

"రోజూ ఇంతేనండి."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"కష్టపడి చేశారు కదా... బాధపడతారని."

వదిలెయ్యలేదు వాళ్లు. అడగడానికి వెళ్లారు! బస్సులో ఒక్కణ్ణే నవ్వుకుంటూ వచ్చాను. పక్కాయన కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

జూలై 12

మూడో బటన్ పెట్టాను — "ఇంట్లో అడిగి చెప్తాను". నొక్కితే తెర మూసుకోదు. సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.

శేషగిరి గారు: "ఇదేం బటనండీ బాబూ! పేపరు చదివే విదేశాల వాళ్లు నవ్వరూ?"

నవ్వితే మంచిదేనండి, అన్నాను.

భోజనాల దగ్గర సువార్తకి చూపించాను. "బాగుంది. మీరెప్పుడైనా నొక్కుతారా దీన్ని?"

పులుసు బాగుందన్నాను.

జూలై 19

అందరూ ఎక్కువగా నొక్కింది మూడో బటనే. తర్వాత తిరిగొచ్చి జవాబూ చెప్పారు. సత్తిబాబు గారి భార్య వెంకటలక్ష్మి గారు ఫోన్ లాక్కుని — "ఆయన అడిగే బటన్ పెట్టారు సరే, నేను చెప్పే బటనేదండీ మాస్టారూ?"

నిజమే. ఆవిడ ఫోన్‌కీ ప్రశ్న వెళ్లాలి. ఎలా... చూడాలి.

జూలై 22

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ల్యాబ్ తలుపేసుకుని. "మీ డిగ్రీ డిజైన్‌లో కాదు కదా?" — కాదండి. నెట్ సెంటర్ నడుపుతూ నేర్చుకున్నాను, హాల్‌టికెట్ల కోసం వచ్చినవాళ్లు ఎక్కడ తడబడతారో చూసి చూసి. పీహెచ్‌డీ తర్వాతి సంగతి.

మూడో బటన్ దగ్గర నవ్వారు. ఆ తర్వాత ఒకావిడ — "అది మళ్లీ చెప్పండి" — రాసుకుంది.

మధ్యలో సువార్త ఫోన్. మీటింగన్నాను. అబద్ధమేం కాదు.

జూలై 24

విశేషం లేదు. ఖర్చు: కొబ్బరి చీపురు.

జూలై 27, ఆదివారం

ఎండ కాసింది. ఉద్యోగం వచ్చింది! నిన్న సాయంత్రం మెయిల్. ఈరోజు సాయంత్రంలోగా వాళ్ల పోర్టల్లో జవాబివ్వాలి.

తెరిచాను. అంగీకరిస్తున్నాను, నిరాకరిస్తున్నాను. రెండే. ఆలోచిస్తూ కూర్చునేసరికి తెర మూసుకుని మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. ఇంకోసారి తెరిచాను. మళ్లీ అలిగింది.

ఇద్దరం చర్చి నుంచి వచ్చాక సువార్త మేడ మీద బట్టలు ఆరేస్తోంది, పాడుకుంటూ. ఈసారి క్రిస్మస్ పాటలు తననే నేర్పమన్నారట. దారంతా అదే చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

ఏమని మొదలుపెట్టాలి... "అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు?" — ముందు అదే అడుగుతుంది. జూన్‌లో అనాలి.

"ఏవండీ, ట్యాంకు పొర్లిపోతోంది! మోటారు కట్టెయ్యండి!"

వస్తున్నా. ఫోన్ ఇక్కడే బల్ల మీద పెట్టి, మోటారు కట్టేసి, మేడెక్కి అడిగి వస్తాను.