మొదటి గడిలో చిల్లు

జూన్ 2, గురువారం

ఫారాలు వచ్చాయి. నూట నలభై. పైన స్పేర్ ఒక అయిదు. కట్ట విప్పగానే కొత్త కాగితం వాసన. మా బడి ఆఫీసులో ఆ వాసన నచ్చేది నాకొక్కడికే. హెడ్ క్లర్కు గారికి తుమ్ములొస్తాయి. ఆయన్ని చాటుగా అందరం రూల్సు గారంటాం. ఎదురుగా అయితే సర్.

పద్ధతి పాతదే. పదో తరగతి పాసైన పిల్లలు పై క్లాసుల్లో ఏం చదువుతారో ఇంటికి తీసుకెళ్ళి పెన్సిల్‌తో నింపుకొస్తారు. పెద్దవాళ్ళు సంతకం పెడతారు. తర్వాత నేను కూర్చుని ఆ పెన్సిల్ రాత మీద సిరా దిద్దుతాను. పెన్సిల్ ఎందుకంటే మనసులు మారతాయని. సిరాకి నేనెందుకంటే నా అక్షరం బాగుంటుందని. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఎంతమంది డాక్టర్లని, ఇంజనీర్లని తయారుచేశానో లెక్కలేదు. ఒక్కరూ గుర్తుపట్టరు.

ఈసారి కట్టలో 87వ నంబరు మా అమ్మాయిది.

జూన్ 3

ఫారంలో మూడు గడులు. మొదటి గడిలో ముఖ్యమైన సబ్జెక్టు. కింద రెండూ పక్క సబ్జెక్టులు. మొదటి గడిని బట్టే ముందు ముందు చదువంతా.

భోజనాల దగ్గర అమ్మాయి చెప్పేసింది. మొదటి గడిలో సాహిత్యం అట. పెద్దయ్యాక చిన్నపిల్లలకి పాఠాలు చెప్తుందట. మిగిలిన టైంలో రాసుకుంటుందట. ఏం రాస్తావే అని అడిగింది వాళ్ళమ్మ. ఏమో, రాశాక తెలుస్తుందమ్మా అంది. మా ఆవిడ గరిటె గిన్నెలో పడేసిన చప్పుడు పక్కింటికి వినపడే ఉంటుంది.

నేనేమన్నానంటే, మజ్జిగ పొయ్యమన్నాను. మాట దాటెయ్యడంలో నాకు మంచి ప్రాక్టీసుంది.

జూన్ 5, ఆదివారం

బావమరిది వచ్చాడు. పిలిచిందెవరో అడగక్కర్లేదు. ఆసుపత్రి ల్యాబులో పని అతనిది. పొద్దస్తమానం మైక్రోస్కోపులో చూసీ చూసీ మనుషుల్ని కూడా ఒక కన్ను మూసి చూస్తాడు.

కెమిస్ట్రీ రాయించు బావా, నా మాట విను, మొహమాటపడకు అన్నాడు. సాహిత్యం చదివి ఏం చేస్తుంది, మా ల్యాబులో సీసాల మీద పేర్లు రాస్తుందా అన్నాడు. అమ్మాయి తలెత్తకుండానే, రాస్తాను మామయ్యా, కనీసం చదవడానికి వీలుగా ఉంటాయి అంది. నవ్వు ఆపుకోడానికి నీళ్ళు తాగాను. పొలమారింది. మా ఆవిడ నా వీపు మీద చరిచింది. పొలమారినందుకు చరిచినట్టు లేదు.

మూడు గంటల చర్చ. కింది గడులు రెండూ తేలాయి. ఒకటి అమ్మాయి కోసం చరిత్ర, ఒకటి మామయ్య కోసం లెక్కలు. మొదటి గడి తేలలేదు. అమ్మాయి అందులో సాహిత్యం అని పెన్సిల్‌తో రాసి, ఫారం టీవీ పక్కన పెట్టి పడుకుంది.

జూన్ 6, ఉదయం 6 గంటలు

మొదటి గడిలో కెమిస్ట్రీ అని ఉంది. రాత మా ఆవిడది.

జూన్ 6, సాయంత్రం

సాహిత్యం.

జూన్ 7

ఇంట్లో తేలనిది బడిలో తేలుతుందేమోనని అడిగి చూశాను. తెలివితక్కువ పని.

ప్రిన్సిపాల్ గారు, టీచర్ అవ్వాలంటే సైన్సే తీసుకోమనండి, సైన్స్ టీచర్లకే ఉద్యోగాలు అన్నారు. మరి రాసుకోడం అన్నాను. అది సెలవుల్లో అన్నారు.

సాహిత్యం మేడంని అడిగితే సంతోషిస్తారనుకున్నా. ఆవిడ ముందు పరీక్ష పేపర్ల కట్ట నా చేతిలో పెట్టి బరువు చూడమన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇవి దిద్దుతున్నానండీ, నేనూ రాద్దామనే చేరాను అన్నారు. వద్దంటారా అన్నాను. వద్దని నేనెందుకంటాను, ఆ అమ్మాయి ఒక్కతే నా క్లాసులో నిద్రపోదు అన్నారు. అది సలహానో కాదో ఇంటికొచ్చేదాకా ఆలోచించినా అర్థం కాలేదు.

ఆమధ్య వార్షికోత్సవానికి కథలు రాసే ఒకాయన వచ్చాడు. ఆయన చదివింది తోళ్ళు శుద్ధిచేసే చదువట. ఈ ముక్క డ్రిల్లు మాస్టారు చెప్పాడు. కాబట్టి తోళ్ళ చదువు రాయించమన్నాడు. అది మా బడిలో లేదన్నాను. అయితే నీ కూతురికి అదృష్టం లేదు అన్నాడు.

ఒక్క గడి. అంగుళం వెడల్పు కూడా లేదు. ఇందులో ఇంతమంది ఎలా పట్టారో.

జూన్ 8

పాతది ఒకటి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటే తప్పులేదు.

మా ఊరి బడిలో అన్ని క్లాసులకీ ఒకే మాస్టారు. నేను ఏడులో ఉండగా ఆయనకి జ్వరం వచ్చి, నీ అక్షరం బాగుంది, చిన్న క్లాసు చూసుకోరా అన్నారు. పదకొండు రోజులు చూసుకున్నాను. బోర్డు మీద రాసేవాణ్ణి, పిల్లలు దిద్దుకునేవాళ్ళు. ఒక పిల్ల ఎప్పుడూ దిద్దేది కాదు. పక్కన తనకి తోచినట్టు వేరేగా రాసుకునేది. నాకు కోపం వచ్చి దాని పలక తుడిచేశాను. అది ఏడవలేదు. నా వైపు చూసి మళ్ళీ అదే రాసింది. పన్నెండో రోజు మాస్టారు వచ్చేశారు. అక్కడితో నా టీచరు ఉద్యోగం అయిపోయింది.

ఆ పిల్ల ఏం రాసిందో చదివి చూడాలని నాకు అప్పుడు తట్టనే లేదు.

జూన్ 9

కెమిస్ట్రీ. ఈసారి బావమరిది రాత. దారిలో ఏదో పనుండి అయిదు నిమిషాలు వచ్చి వెళ్ళాడట. ఆ పని ఈ గడే.

జూన్ 12, ఆదివారం

ఇంట్లో ఎవరూ పోట్లాడుకోవటం లేదు. అందరూ మర్యాదగా ఉన్నారు. అన్నం పెట్టుకోండి, నీళ్ళు కావాలా, ఫ్యాను వెయ్యనా. ఎవరూ చూడనప్పుడు ఒకరి తర్వాత ఒకరు టీవీ దగ్గరికి వెళ్ళొస్తున్నారు. కొత్త రబ్బరు వారంలో సగం అరిగింది. పదేళ్ళు స్కూలుకి వెళ్ళినా అమ్మాయి ఒక్క రబ్బరు అరగదీసి ఎరగదు, పారేసుకోవడమే.

ఇవాళ సాహిత్యం అని ఉంది. బాగా నొక్కి రాసింది. కాగితం వెనక్కి తిప్పినా తెలుస్తోంది.

జూన్ 13, ఉదయం

రాయకూడదు గానీ రాస్తాను.

నిన్న సాయంత్రం బావమరిదితో సహా ముగ్గురూ వీధిలో ఉండగా నేనే చెరిపాను. ఇటూ కాకుండా అటూ కాకుండా మధ్యలో ఏదైనా ఉంటే ఇల్లు చల్లబడుతుందనుకున్నాను. కామర్స్ అని రాశాను. నా అందమైన అక్షరాలతో. రాసి చూస్తే నాకే వెలపరంగా ఉంది. ఇది ఎవరికీ అక్కర్లేని సబ్జెక్టు, కనీసం అడిగినవాళ్ళు కూడా లేరు. వెంటనే చెరపబోయాను.

కాగితం చిరిగింది. గడి మధ్యలో శనగగింజంత చిల్లు. అందులోంచి టీవీ బల్ల కనపడుతోంది.

జూన్ 14

నేనే చేశానని చెప్పాను. మా ఆవిడ, మీరా అంది. ఆ ఒక్క మాటే. బావమరిది ఫోన్లో, నీకెందుకు బావా ఈ పనులు అన్నాడు. అతనికెందుకో నేను అడగలేదు.

ఫారం రూల్సు గారికి చూపించాను. చిల్లులోంచి నన్ను చూశారు. స్పేర్ ఫారం కావాలంటే విద్యార్థి స్వయంగా అర్జీ రాయాలి, పాడవడానికి కారణం చెప్పాలి, కింద తండ్రి సంతకం, శుక్రవారం నాలుగు గంటల్లోపు అన్నారు. రాకపోతే అన్నాను. ఖాళీలున్న దాంట్లో వేస్తాం అన్నారు. ఖాళీలెక్కడున్నాయంటే కామర్స్‌లోనట.

ముప్పై ఏళ్ళ సర్వీసులో నా రాత మొదటిసారి నిజమయ్యేలా ఉంది.

జూన్ 15

అర్జీ నేను రాసిపెడతానమ్మా, నా చేతిలో పనే అన్నాను. వానకి తడిసిందని రాద్దామన్నాను. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నీ అక్షరం చాలా బాగుంటుంది నాన్నా, కానీ అందులో ఎప్పుడూ ఇంకెవరి మాటో ఉంటుంది అంది. విసురుగా అన్లేదు. టైమెంతైందో చెప్పినట్టు చెప్పింది.

ఇవాళ ఆఫీసులో పదహారు ఫారాలు దిద్దాను. చెయ్యి నొప్పి పుట్టింది. ఎప్పుడూ పుట్టదు.

జూన్ 16

అర్జీ తనే తెచ్చి ఇచ్చింది. కోడి గెలికినట్టుంది రాత. రూల్సు గారికి అర్థం కాక టైపిస్టమ్మని పైకి చదవమన్నారు. ఆఫీసంతా విన్నది.

ఫారం పాడవడానికి కారణం రబ్బరు అని మొదలుపెట్టింది. మా ఇంట్లో ఎవరు చెరిపారో నాకు తెలుస్తుంది అని రాసింది. అమ్మ చెరిపితే కాగితం మీద రబ్బరు పొట్టు ఉండదు, ఇల్లు ఊడ్చే చెయ్యి కదా, అరచేత్తో ఎత్తేస్తుంది. మామయ్య చెరిపితే వేలిముద్ర ఉంటుంది, స్లైడు తుడిచినట్టు తడివేలితో రుద్దుతాడు. నాన్న చెరిపితే, ఈ చిల్లు పడ్డ ఒక్కసారి తప్ప, ఏమీ తెలియదు. అంతకుముందు అక్కడ ఏదో ఉండేదని కూడా తెలియదు. అంత శుభ్రంగా చెరపడం వచ్చినవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు. ముగ్గురికీ నా మీద ప్రేమే. నేను నాలుగుసార్లు గట్టిగా నొక్కి రాశాను, కాబట్టి ఆ చిల్లులో నా వాటా కూడా ఉంది. కొత్త ఫారం ఇప్పిస్తే ఒక్కసారే రాస్తాను.

రూల్సు గారు, అర్జీ అంటే మూడు లైన్లుండాలి అన్నారు. తర్వాత కాగితం తీసుకుని, అర్థం కాని ఆ రాతనే మళ్ళీ మొదట్నించీ చూశారు. ఏవయ్యా, నువ్వు చెరిపితే నిజంగానే తెలీదా అని అడిగారు. సంతకం పెట్టు, ఇందులో ఉన్నదంతా నిజమని తండ్రి ఒప్పుకోవాలి అన్నారు.

పెట్టాను. నా సంతకం కూడా కోడి గెలికినట్టే వచ్చింది.

జూన్ 17, శుక్రవారం, ఉదయం

నిన్న కొత్త ఫారంతో పాటు అర్జీ జిరాక్సు కూడా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ నిలబడే చదివింది. పొయ్యి మీద ఏదో మాడింది, పట్టించుకోలేదు. నేను పొట్టు ఎత్తేస్తానని దీనికెలా తెలుసండీ అంది. ఇంకోసారి చదివింది. తమ్ముడికి ఫోన్ చేసి, నువ్వు ఇంక ఈ విషయంలో రాకురా, వచ్చినా చేతులు జేబులో పెట్టుకో అంది.

అమ్మాయి పెన్సిల్ కోసం వెతుకుతుంటే, వాళ్ళమ్మ నా చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఇచ్చింది. నేను గాభరాపడి, అయ్యో సిరా ఆఫీసులో దిద్దాలి, అది రూలు అన్నాను. ఎక్కడ రాసుంది నాన్నా అంది.

సాయంత్రం 4 గంటలు

రూల్సు పుస్తకం మొత్తం తిరగేశాను. ఎక్కడా లేదు. పిల్లలే సిరాతో నింపవచ్చును అనే ఉంది. చేరిన మొదటి ఏడు నా అక్షరం చూపించుకోడానికి నేనే ఆ పని మొదలెట్టాను. తర్వాత అదే పద్ధతయి కూర్చుంది.

జూన్ 20

నూట ముప్పై తొమ్మిది దిద్దాను. అమ్మాయి కొత్త ఫారం నంబరు 141. మొదటి గడిలో సాహిత్యం. అక్షరాలు ఒకవైపు వాలిపోయాయి. చెయ్యి దురద పెట్టింది. సిరా ఆరిందో లేదో వేలితో తాకి చూశానంతే.

ఆరింది.