అందరికీ ఒకేసారి

హోసూరు,
జూలై 1999

ప్రియమైన చంద్రు అన్నకు,

బర్గూరు క్వారీలో దుమ్ము తగ్గిందా? ఇక్కడ రోజంతా నా ముక్కుకు థిన్నర్ వాసనే. మా ఫ్యాక్టరీలో పెయింట్ షెడ్డూ ప్యాకింగ్ హాలూ పక్కపక్కనే. షెడ్డులో థిన్నర్ ఆవిరి లీకైతే మోగే సైరను, యంత్రాల రొదలో హాలువాళ్ళకు వినిపించదు. అందుకని ఒక ప్రోగ్రాము రాశాను. షెడ్డులో ఒక కీ నొక్కితే చాలు, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ఒకేసారి సందేశం పోతుంది. హాల్లో మనుషుల పక్కనే ఉన్న కంప్యూటరు కూడా తెర ఎర్రబడి కూత పెడుతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఒక్కొక్కరికీ విడిగా పంపనక్కర్లేదు, ఊళ్ళో దండోరా వేసినట్టే. మొదట "అనుమతి లేదు" అని మొండికేసింది. అందరికీ పంపబోతున్నానని సాకెట్‌కు, అంటే సందేశం బయటికి పోయే ద్వారానికి, ముందే చెప్పాలట. ఆ ఒక్క లైను చేర్చాను, పలికింది!

ప్యాకింగ్‌లో పనిచేసే మారక్క చప్పట్లు కొట్టింది. "ఏమ్మా రంజితా, ఆడ నొక్కితే ఈడ అరుస్తుందే!"

మేనేజరు శ్రీరామప్ప మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. "అందరికీ ఎందుకమ్మా? ఊరికే భయపడి పని ఆపేస్తారు. నాకొక్కడికే రానీ. ఎవురికి చెప్పాలో నేను చూసుకుంటాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం చేయమంటావు?

నీ చెల్లెలు,
రంజిత

*

బర్గూరు,
జూలై 1999

ప్రియమైన రంజితకు,

నీ జాబు మీ వదినకు చదివి వినిపించాను. ఇద్దరం మురిసిపోయాం. అయినా ఆయన చెప్పినట్టే చెయ్యమ్మా. నా మాట మీద నీకు ఆ ఉద్యోగం ఇచ్చిన మనిషి. నేనూ క్వారీలో సూపర్‌వైజర్నే కదా, పైవాళ్ళతో పంతం పట్టి నెగ్గినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఒక్క లైను మారిస్తే పోయేదానికి కొట్లాట ఎందుకు?

ఆశీస్సులతో,
అన్న చంద్రు

*

హోసూరు,
ఆగస్టు 1999

ప్రియమైన అన్నకు,

నీ మాట విన్నాను. సందేశం శ్రీరామప్ప గదికి మాత్రమే పోయేలా మార్చాను.

మొన్న మధ్యాహ్నం షెడ్డులో గొట్టం పగిలింది. అక్కడ పనిచేసే ఆంజప్ప కీ నొక్కి, మిగతా షెడ్డువాళ్ళతో బయటికి పరుగెత్తాడు. శ్రీరామప్ప క్యాంటీన్లో ఉన్నాడు. ఖాళీ కుర్చీ ముందు కంప్యూటరు కూసి కూసి ఊరుకుంది. ఆవిరి హాలులోకి పాకి మారక్క పడిపోయింది. ఆసుపత్రిలో చూసి వచ్చాను. మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోతోంది. "మాకు ఎవురూ చెప్పలేదే పాపా" అంటుంది.

ఆసుపత్రి నుంచి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చి మళ్ళీ అందరికీ పోయేలా మార్చేశాను. ఎవరినీ అడగలేదు. శ్రీరామప్ప కేకలేశాడు. "నన్ను అడగకుండా మార్చినావా? తీసెయ్యి! క్షమాపణ రాసియ్యి!"

"తీయను సార్. రాయను కూడా" అన్నాను.

గురువారం దాకా గడువిచ్చాడు.

నీ చెల్లెలు,
రంజిత

*

బర్గూరు,
ఆగస్టు 1999

రంజితకు,

గురువారం నేనే వస్తున్నాను. క్షమాపణ కాగితం రాసి తెస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు. పెట్టకపోతే ఇక నన్ను అన్నా అని పిలవద్దు.

చంద్రు

*

బర్గూరు,
ఆగస్టు 1999

ప్రియమైన చెల్లికి,

గురువారం వచ్చాను. నిన్ను చూడకుండానే తిరిగి వచ్చేశాను.

గేటు ముందు హాలు ఆడవాళ్ళంతా నేల మీద కూర్చుని ఉన్నారు. మారక్క కూడా మొగుడి భుజం పట్టుకుని వచ్చింది. నేనెవరో తెలిసి, "సంతకం పెట్టించేదానికి వచ్చినావాప్పా?" అంది. ఆగి ఊపిరి తీసుకుంది. "పెట్టించుకో. ఆ కూత తీసేస్తే మాత్రం మేమెవురమూ లోపలికి పోము."

శ్రీరామప్ప గదికి వెళ్ళాను. "కాగితం తెచ్చినావా?" అన్నాడు.

"తెచ్చినాను సార్. సంతకం మాత్రం పెట్టించను. మా పాప ఏం తప్పు చేసింది?"

 పైవాడికి ఎదురు చెప్పడం నాకదే మొదలు రంజితా. తరువాత నీ ముఖం చూడలేక బస్సెక్కాను. నీకు తోచిందే చెయ్యి.

ఇంకా పిలుస్తావనుకుంటూ,
అన్న

*

హోసూరు,
సెప్టెంబరు 1999

ప్రియమైన అన్నకు,

అన్నా, అన్నా, అన్నా. చాలా?

ఆడవాళ్ళు గేటు ముందు నుంచి లేవకపోయేసరికి ఓనరే దిగివచ్చాడు. ప్రోగ్రాము ఉంచుతానన్నాడు, నన్ను మాత్రం ఉంచనన్నాడు. క్షమాపణ రాస్తే ఆలోచిస్తాడట. రాయలేదు. కంప్యూటరు గది తాళం ఇచ్చేటప్పుడు ఏడుపొచ్చింది. గేటు దాటేదాకా ఆపుకున్నాను. ఇప్పుడు కెలమంగలంలో పట్టుగూళ్ళ వ్యాపారి దగ్గర బిల్లులు కొడుతున్నాను.

నిన్న బస్సులో పోతుంటే ఫ్యాక్టరీ గేటు బయట జనం. పట్టపగలు, పనివేళలో. గబగబా దిగి పరుగెత్తాను. మళ్ళీ గొట్టం పగిలిందట. ఈసారి అందరూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు, ఒక్కరూ పడిపోలేదు. గుంపు చివర ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, దగ్గుతూ శ్రీరామప్ప.

"ఆయన ప్యాకింగ్ హాల్లోనే ఉండినాడమ్మా" అన్నాడు ఆంజప్ప. "కూత విని మాకన్నా ముందు పరుగెత్తినాడు."

శ్రీరామప్ప నన్ను చూశాడు. "నీకేం పని ఈడ?" అన్నాడు.

"చూసేదానికి వచ్చినాను సార్" అన్నాను. చూడటం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ మొండి చెల్లెలు,
రంజిత